‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ రెండో సగం దగ్గర ఆగిపోయినవారికి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆర్థర్ కోనన్ డాయల్ రాసిన షెర్లాక్ హోమ్స్ సిరీస్‌లో మొదటి నవల ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ మొదలుపెట్టారు. మొదటి భాగం రెండు రాత్రుల్లో అయిపోయింది. హంతకుడి చేతికి బేడీలు పడ్డాయి. పేజీ తిప్పితే డిటెక్టివ్ హోమ్స్ లేడు, అతని కథ చెప్పే స్నేహితుడు వాట్సన్ లేడు, లండన్ లేదు. అమెరికా ఎడారిలో దాహంతో ప్రాణం పోయేలా ఉన్న ఒక మనిషి, పక్కన ఒక చిన్నపిల్ల. ‘నా కాపీలో వేరే పుస్తకం కలిసిపోయిందేమో అనుకున్నాను’ అని రాశారు. బయట అభిప్రాయాలు చూస్తే కొందరు ఐదు నక్షత్రాలు ఇచ్చారు, కొందరు రెండుతో సరిపెట్టారు. ఇక్కడితో ఆపేసి చిన్న కథలకు వెళ్లిపోవాలా, ఓపిక పట్టి పూర్తి చేయాలా అని అడిగారు.

పూర్తి చేయండి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకు ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక నెలకోసారి పదిమందిమి కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటున్నాం. ఈ నవలను క్లాసులోనూ అక్కడా కలిపి చాలాసార్లు చదివించాను. ప్రతిసారీ ఎవరో ఒకరు సరిగ్గా మీరు ఆగిన పేజీ దగ్గరే ఆగి వచ్చారు. కాబట్టి ముందుగా ఒక మాట: లోపం మీ చదువులో లేదు. ఆ పేజీ దగ్గర రచయితే పాఠకుడి చెయ్యి వదిలేశాడు. అయితే ఎంతసేపు వదిలేశాడు, ఎందుకు వదిలేశాడు అన్నది తెలిస్తే మిగతా దారి తేలికవుతుంది. హంతకుడి పేరు, ఆఖరి గుట్టు ఇక్కడ చెప్పను. ఇంకా మొదలుపెట్టని వాళ్లు కూడా ఇది చదువుతారు.

ముందు లెక్క చూడండి. నవలలో మొత్తం 14 అధ్యాయాలు. మొదటి భాగంలో ఏడు, రెండో భాగంలో ఏడు. ‘సగం పుస్తకం అమెరికాలోనే నడుస్తుంది’ అని చాలామంది రాస్తారు గానీ అది నిజం కాదు. రెండో భాగంలో అమెరికా కథ మొదటి ఐదు అధ్యాయాలే. ఆరో అధ్యాయంలో వాట్సన్ తిరిగొస్తాడు, మళ్లీ లండన్, మళ్లీ హోమ్స్, వాట్సన్ ఉండే ఆ గది. ఏడోదాంట్లో హోమ్స్ ముడులన్నీ విప్పుతాడు. అంటే మీరు దాటాల్సింది ఐదు అధ్యాయాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

మన తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. ఇంటర్వెల్ దగ్గర ఒక పెద్ద దెబ్బ పడుతుంది, ఆ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది. ఎవరికి ఎవరి మీద పగ, ఎందుకు పగ అన్నది అప్పుడు తెలుస్తుంది. మా గుంపులో ఒక బ్యాంకు ఉద్యోగిని ఈ నవల గురించి ‘ఇది మన సినిమాయేనండీ’ అన్నారు. ఆమె ఆ ఐదు అధ్యాయాలూ ఆగకుండా చదివేశారు. మిగతా వాళ్లు ఎడారి దగ్గర తడబడుతుంటే ఆమెకు అసలు ఇబ్బందే కలగలేదు. నాకు ఆ మాట బాగా నచ్చింది. అప్పటినుంచి కొత్తగా చదివేవాళ్లకు ముందే చెప్తున్నాను, ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది, అలా అనుకుని కూర్చోండి అని.

కానీ ఆ పోలికతో పూర్తిగా సమాధానం దొరకదు. మన సినిమాలో ఫ్లాష్‌బ్యాక్‌ను ఎవరో ఒకరు చెప్తారు. తల్లి చెప్తుంది, స్నేహితుడు చెప్తాడు, లేదా హీరోనే గుర్తు చేసుకుంటాడు. ఇక్కడ ఆ చెప్పే మనిషి లేడు. మొదటి భాగమంతా వాట్సన్ ‘నేను’ అంటూ రాసుకున్న జ్ఞాపకాలు. రెండో భాగం మొదలవగానే ఆ ‘నేను’ మాయమై, అన్నీ తెలిసిన ఒక గొంతు వస్తుంది. ఆ గొంతు ఎవరిదో పుస్తకంలో ఎక్కడా చెప్పరు. దీన్ని సరిచేసే వీలు రచయిత చేతిలోనే ఉంది. ఎందుకంటే ఆరో అధ్యాయంలో నేరస్థుడు తన కథ తానే చెప్పుకుంటాడు, ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్ దాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటాడు, ఆ నోట్‌బుక్ చూసే రాస్తున్నానని వాట్సన్ అంటాడు. ఆ ఐదు అధ్యాయాలూ అదే మనిషి నోటితో చెప్పించి ఉంటే మీకు వేరే పుస్తకం కలిసిపోయిందన్న అనుమానం వచ్చేదే కాదు. నా దృష్టిలో ఈ నవలలో అసలైన నిర్మాణ లోపం ఇదొక్కటే. ఎడారి కథ ఉండటంలో తప్పు లేదు, ఆ కథకు చెప్పేవాడు లేకపోవడమే తప్పు.

ఇలా ఎందుకు చేశాడంటే, ఆ రోజుల్లో డిటెక్టివ్ నవలకు అదే అచ్చు. ఫ్రెంచి రచయిత ఎమీల్ గబోరియో 1860లలో లెకాక్ అనే డిటెక్టివ్‌తో రాసిన నవలల్లో ఇలాగే నేరం ఒక భాగం, దాని వెనక ఉన్న పాత కుటుంబ కథ ఇంకో భాగం. ఆర్థర్ కోనన్ డాయల్ అవి చదివినవాడు. చదివాడని మనకు ఈ నవలలోనే తెలుస్తుంది, రెండో అధ్యాయంలో వాట్సన్ లెకాక్ పేరెత్తితే హోమ్స్ అతన్ని చేతకానివాడని తీసిపారేస్తాడు. పాత్ర నోట లెకాక్‌ను తిట్టించి, రచయిత మాత్రం అదే అచ్చులో నవల పోశాడు.

ఇంకో సంగతి. ఈ పద్ధతిని డాయల్ ఇక్కడితో వదలలేదు. హోమ్స్ నవలలు మొత్తం నాలుగే, చిన్న కథలు 56. ఆ నాలుగింటిలో రెండోదైన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ చివర్లో ఒక ఖైదీ ఆగ్రా కోట కథ పొడుగ్గా చెప్తాడు. నాలుగోదైన ‘ది వ్యాలీ ఆఫ్ ఫియర్’ అచ్చంగా మొదటి నవలలాగే రెండు ముక్కలు, రెండో ముక్క మళ్లీ అమెరికాయే. మధ్యలో వచ్చిన ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ ఒక్కటే ఈ అచ్చు నుంచి తప్పించుకుంది. పాఠకులు ఎక్కువమంది ఇష్టపడేదీ అదే. ఈ నాలుగూ వరసగా చదివితే ఆయనకు నేరం కంటే, ఆ నేరానికి ముందు ఏళ్ల తరబడి ఒక మనిషి గుండెలో రగిలిన నిప్పు మీదే మోజు ఎక్కువని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ నేను గట్టిగా నమ్మే విషయం ఒకటి చెప్పాలి. ఈ నవల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం, దీన్ని ‘సిరీస్‌లో మొదటి పుస్తకం’ అనుకుని చదవడం వల్ల వచ్చేవే. డాయల్ దీన్ని సిరీస్ కోసం రాయలేదు. 1886లో ఆయనకు 26 ఏళ్లు. ఇంగ్లాండు దక్షిణ తీరంలో సౌత్‌సీ అనే చోట ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరు. పేషెంట్లు అంతంతమాత్రం. మొదట అనుకున్న పేరు ‘ఎ టాంగిల్డ్ స్కీన్’, అంటే చిక్కుపడిన నూలు. ఆయన రాసుకున్న కాగితంలో డిటెక్టివ్ పేరు షెరిన్‌ఫర్డ్ హోమ్స్, స్నేహితుడి పేరు ఓర్మండ్ సాకర్. రాతప్రతి పంపితే ఒక ప్రచురణకర్త చదవకుండానే తిప్పి పంపాడు. ఆఖరికి వార్డ్ లాక్ సంస్థ తీసుకుంది గానీ, చవక నవలలు మార్కెట్‌లో ముంచెత్తుతున్నాయి కాబట్టి ఏడాది ఆగాలంది. హక్కులన్నీ కలిపి 25 పౌండ్లు ఇస్తామంది. ఆయన రాయల్టీ అడిగాడు, కుదరదన్నారు. 1887 చివర్లో ‘బీటన్స్ క్రిస్మస్ యాన్యువల్’ అనే పత్రికలో అచ్చయింది. ఆ 25 పౌండ్ల తర్వాత ఈ నవల మీద ఆయనకు ఒక్క పెన్నీ కూడా రాలేదు.

కాబట్టి అది ఒక కుర్ర డాక్టరు తన దగ్గరున్నదంతా ఒకే పుస్తకంలో కుమ్మరించిన ప్రయత్నం. ప్రేమ, పగ, ఎడారి, మతం, లండన్ పొగమంచు, రసాయన ప్రయోగం అన్నీ అందులోనే. రెండోసారి అవకాశం వస్తుందని ఆయనకు తెలియదు. వచ్చింది కూడా అనుకోకుండానే. 1889 ఆగస్టు 30న లండన్‌లో లాంగమ్ హోటల్‌లో ఒక అమెరికన్ పత్రిక సంపాదకుడు ఇచ్చిన విందులో ఇంకో హోమ్స్ నవల రాస్తానని ఒప్పుకున్నాడు. అదే బల్ల దగ్గర ఆస్కార్ వైల్డ్ కూడా ఉన్నాడు, ఆయనా ఒక నవల ఒప్పుకున్నాడు. చిన్న కథలు 1891 జూలైలో ‘స్ట్రాండ్’ పత్రికలో మొదలయ్యాకే హోమ్స్ ఇంటింటి పేరయ్యాడు. మనం ఆ కథలు, టీవీ సీరియళ్లు చూసి, ఆ హోమ్స్‌ను మనసులో పెట్టుకుని వెనక్కి వచ్చి ఈ పుస్తకం తెరుస్తున్నాం. చిన్న కథ బిగువు ఈ నవలలో వెతుకుతున్నాం.

రెండో పెద్ద ఫిర్యాదు: ‘పాఠకుడికి ఆధారాలు ఇవ్వలేదు, మోసం చేశాడు.’ ఇది కూడా నిజమే. మొదటి భాగం నాలుగో అధ్యాయంలో హోమ్స్ తంతి ఆఫీసుకు వెళ్లి ఒక పొడుగాటి టెలిగ్రామ్ పంపుతాడు. ఎవరికి, ఏమని అడిగాడు, జవాబు ఏమొచ్చింది అన్నది మనకు చివరి అధ్యాయం దాకా తెలియదు. కేసు తాళం చెవి ఆ టెలిగ్రామే. మీరెంత తెలివైనవాళ్లయినా మొదటి భాగం చదివి హంతకుణ్ణి కనిపెట్టలేరు, ఆ అవకాశమే మీకివ్వలేదు. అయితే డిటెక్టివ్‌తో సమానంగా పాఠకుడికి ప్రతి ఆధారమూ చూపించాలన్న నియమం తర్వాత కాలంలో స్థిరపడింది. డిటెక్టివ్ కథలు ఎలా రాయాలో చెబుతూ రచయిత రోనాల్డ్ నాక్స్ పది సూత్రాలు రాసింది 1929లో. 1887 పాఠకుడు పజిల్ విప్పాలని కూర్చోలేదు, ఒక మనిషి ఆలోచించే తీరు చూడాలని కూర్చున్నాడు. మీరు కూడా అలా చదివితే ఆ కోపం తగ్గుతుంది. పూర్తిగా పోతుందని చెప్పను. చివరి అధ్యాయంలో టెలిగ్రామ్ సంగతి తెలిసినప్పుడు నాకు ఇప్పటికీ చిన్న చిరాకు కలుగుతుంది.

ఇంతకీ మొదటి భాగంలో మీరు రెండు రాత్రులు ఆగకుండా చదివింది ఏమిటో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. మూడో అధ్యాయం తీయండి. బ్రిక్స్‌టన్ రోడ్ దగ్గర ఖాళీ ఇల్లు. బండిని నూరు గజాల దూరంలోనే ఆపించి హోమ్స్ నడిచి వెళ్తాడు. లోపలికి పరుగెత్తడు. రోడ్డు పక్కన అటూ ఇటూ పచార్లు చేస్తాడు, నేల చూస్తాడు, ఆకాశం చూస్తాడు, ఎదురిళ్లు చూస్తాడు. తర్వాత బాట మీద కాకుండా అంచున గడ్డి మీద నడుచుకుంటూ వెళ్తాడు. వాట్సన్‌కు ఇదంతా నటనేమో అనిపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు మనకూ అంతే. బాట మీద తడిమట్టిలోని అడుగుల గుర్తులు చదువుతున్నాడని తర్వాత తెలుస్తుంది.

లోపల పెద్ద గది, ఒక్క కుర్చీ కూడా లేదు. గోడ కాగితం బూజు పట్టి అక్కడక్కడ వేలాడుతోంది. నిప్పుగూడు మీద ఎర్ర మైనపు కొవ్వొత్తి ముక్క. నేల మీద శవం. రక్తం ఉంది, ఒంటి మీద గాయం లేదు. శవాన్ని ఎత్తుతుంటే ఆడవాళ్ల పెళ్లి ఉంగరం ఒకటి టంగుమని కింద పడుతుంది. లెస్ట్రేడ్ బూటు అడుగున అగ్గిపుల్ల గీసి గోడ మూల చూపిస్తాడు, ఊడిన కాగితం కింద పసుపు గచ్చు మీద రక్తంతో అక్షరాలు. అప్పుడు హోమ్స్ జేబులోంచి కొలత టేపు, గుండ్రటి భూతద్దం తీసి, ఇరవై నిమిషాలకు పైగా ఆ గదంతా తిరుగుతాడు. మోకాళ్ల మీద కూర్చుంటాడు, ఒకచోట బోర్లా పడుకుంటాడు, తనలో తాను గొణుక్కుంటాడు. నేల మీద చిన్న బూడిద కుప్పను జాగ్రత్తగా ఏరి కవరులో వేసుకుంటాడు. ఆ ఇరవై నిమిషాలూ వాట్సన్ ఒక్క మాట అడ్డు చెప్పడు. మనం చూసేది హోమ్స్‌ను కాదు, హోమ్స్‌ను చూస్తున్న వాట్సన్‌ను. ఆ తర్వాత వచ్చిన ఎన్ని డిటెక్టివ్ నవలల్లో నేర స్థలం పరిశీలించే సన్నివేశం చదివినా నాకు దీని నీడ కనిపిస్తూనే ఉంటుంది. మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంట్ రాజు చదివి పెరిగినవాళ్లకు, డిటెక్టివ్ పక్కన ఇంకో మనిషి ఎందుకు ఉండాలో వేరే చెప్పక్కర్లేదు.

వాట్సన్ గురించి ఇంకొంచెం. అభిప్రాయాలు రాసేవాళ్లు అందరూ హోమ్స్ గురించే రాస్తారు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నది హోమ్స్‌కు తెలియదని, తెలిశాక దాన్ని మరిచిపోవడానికి ప్రయత్నిస్తానంటాడని, సాహిత్య జ్ఞానం సున్నా అని వాట్సన్ జాబితా రాస్తాడని. తర్వాతి కథల్లో అదే హోమ్స్ పారశీక కవి హాఫిజ్ పేరెత్తుతాడు, ఈ పొంతన లేకపోవడం మీద పాఠకులు ఇప్పటికీ వాదించుకుంటారు. సరే. నన్ను పట్టుకున్నది మాత్రం మొదటి రెండు పేజీలు. మా గుంపులో సైన్యంలో డాక్టరుగా చేసి వచ్చిన ఒకాయన ఉన్నారు. చర్చ రోజున ఆయన హోమ్స్ మాటే ఎత్తలేదు. ఆ రెండు పేజీలు బిగ్గరగా చదివారు. వాట్సన్ బొంబాయిలో దిగుతాడు, తన దళం అప్పటికే సరిహద్దు దాటిపోయింది, వెనకాలే కాందహార్ చేరతాడు. 1880 జూలైలో అఫ్గానిస్తాన్‌లోని మైవంద్ యుద్ధంలో భుజానికి తూటా తగులుతుంది. ముర్రే అనే సహాయకుడు గుర్రం మీద వేసుకుని తప్పించకపోతే అక్కడే చచ్చేవాడు. పెషావర్ ఆసుపత్రిలో కోలుకుంటుండగా టైఫాయిడ్ జ్వరం. ఎముకల గూడులా ఇంగ్లాండు చేరతాడు. రోజుకు పదకొండున్నర షిల్లింగుల భత్యం, నా అనేవాళ్లు లేరు. గది పంచుకునే ముందు ఒకరి లోపాలు ఒకరు చెప్పుకునేటప్పుడు, తన నరాలు చెదిరి ఉన్నాయని, గొడవలు భరించలేనని, వేళాపాళా లేకుండా నిద్ర లేస్తానని హోమ్స్‌తో అంటాడు. ఆ వాక్యం దగ్గర ఆయన చదవడం ఆపి, ‘ఇతన్ని నేను వార్డులో చూశాను’ అన్నారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

అప్పటినుంచి నేను ఈ నవలను యుద్ధం నుంచి దెబ్బతిని వచ్చిన ఒక ఒంటరి మనిషి మళ్లీ లోకం మీద ఆసక్తి తెచ్చుకోవడంగా చదువుతున్నాను. డిటెక్టివ్ అందుకు దొరికిన ఊతం. ఇలా చూస్తే ఐదు అధ్యాయాల పాటు వాట్సన్ కనిపించకపోవడం ఎందుకంత లోటుగా ఉంటుందో కూడా అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ ఐదు అధ్యాయాలు. అక్కడ అమెరికాలోని యూటా ప్రాంతంలో స్థిరపడిన మార్మన్ మత సమాజం కథ ఉంది. దీని మీద పాఠకుల అభ్యంతరం చాలా తీవ్రమైనది, అది న్యాయమైనది కూడా. ఆ సమాజాన్ని రహస్య హంతక ముఠాలతో, ఆడపిల్లలను బలవంతంగా ఎత్తుకుపోయే పెద్దలతో నింపేశాడు. డాయల్ ఈ నవల రాసేనాటికి అమెరికా గడ్డ మీద కాలుపెట్టలేదు, మొదటిసారి వెళ్లింది 1894లో. అప్పటి ఇంగ్లాండులో తిరుగుతున్న పుకార్లు, సంచలన రాతలే ఆయనకు ఆధారం. లెక్కలు కూడా అలాగే ఉన్నాయి. 1847లో వలస వస్తున్న బిడారంలో దగ్గర దగ్గర పదివేల మంది ఉన్నారని ఒక పాత్ర చేత చెప్పిస్తాడు. నిజానికి ఆ ఏడాది జూలైలో సాల్ట్ లేక్ లోయ చేరిన మొదటి బృందంలో ఉన్నది నూట యాభైలోపు మంది. 2011లో అమెరికాలోని వర్జీనియాలో ఆల్బమార్ల్ కౌంటీ స్కూలు బోర్డు, ఒక మతాన్ని తప్పుగా చూపిస్తోందని ఈ నవలను ఆరో తరగతి పఠన జాబితా నుంచి తీసేసింది. ఇంకోవైపు, 1923లో డాయల్ ఉపన్యాసం ఇవ్వడానికి సాల్ట్ లేక్ సిటీ వెళ్తే ఆ సమాజం వాళ్లు తమ టాబర్నకిల్ మందిరాన్నే వేదికగా ఇచ్చారు. ఆ మర్యాద ముందు నవలలోని ఆ పేజీలు చాలా చిన్నవైపోతాయి.

కాబట్టి దాన్ని చరిత్ర అనుకోకండి. ఏదో ఊరు, ఏదో పెద్దమనుషుల పెత్తనం, ఎదురుతిరిగిన ఒక తండ్రి అనుకుని చదవండి. అలా చదివితే రెండో భాగం నాలుగో అధ్యాయంలో ఒక చోటు ఉంది, దాని కోసమైనా మీరు ముందుకు వెళ్లాలి. తండ్రికి గడువు పెడతారు. ఒక ఉదయం నిద్ర లేచేసరికి అతని గుండెల మీద దుప్పటికి గుచ్చిన కాగితం, ఇంకా 29 రోజులు అని. తలుపులన్నీ వేసి ఉన్నాయి. మర్నాడు ఇంటి పైకప్పు మధ్యలో కాల్చిన పుల్లతో గీసిన 28. ఆ రాత్రి తుపాకీ పట్టుకుని కాపలా కూర్చుంటాడు. ఒక్క చప్పుడు వినపడదు, ఒక్క మనిషి కనపడడు. తెల్లారేసరికి తలుపు బయట పెద్దదిగా 27. రోజూ ఒక అంకె. తన భయం కూతురికి కనపడకుండా దాచాలని అతని తాపత్రయం. హోమ్స్ లేకుండా, లండన్ లేకుండా, వట్టి అంకెలతో అంత టెన్షన్ పెట్టగలిగాడు ఆ కుర్ర డాక్టరు. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు ఉత్తినే ఇవ్వలేదు.

కుక్క సంగతి కూడా కొందరు రాస్తారు. మొదటి భాగం చివర్లో మాత్రలు పరీక్షించడానికి ఇంటావిడ జబ్బు కుక్కకు ఇస్తారు కదా. అప్పటికే అది బతకదని, బాధ పడకుండా చేయమని ఆమే అడిగిందని పుస్తకంలో ఉంది. అయినా నాకూ ఆ పేజీ ఇష్టం ఉండదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పిల్లల కోసం కుదించిన ప్రతులు చాలా ఉన్నాయి. వాటిలో అమెరికా కథ నాలుగు పేరాల్లో తేల్చేస్తారు. ఇంగ్లీషుదైనా తెలుగుదైనా విషయసూచిక తెరిచి రెండు భాగాలు, 14 అధ్యాయాలు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. డాయల్ 1930లో పోయారు, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, కాబట్టి ఇంగ్లీషు మూలం ఇంటర్నెట్‌లో ఉచితంగానే పూర్తిగా దొరుకుతుంది.

తర్వాత ఏం చదవాలని కూడా అడిగారు. చాలామంది నేరుగా చిన్న కథలకు వెళ్లమంటారు. నేను మాత్రం ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ చదవమంటాను. మొదటి నవలలో హోమ్స్ ఏరి దాచిన ఆ బూడిద గుర్తుంది కదా? నల్లగా, పెచ్చులు పెచ్చులుగా ఉన్న ఆ బూడిద తిరుచినాపల్లి చుట్టదని తేలుస్తాడు. అంటే మన పక్కనే ఉన్న తిరుచిరాపల్లి. రెండో నవల మొదటి అధ్యాయంలో ఆ మాట ఇంకా ముందుకు వెళ్తుంది. 140 రకాల పొగాకు బూడిదల మీద తానొక పుస్తకం రాశానంటాడు హోమ్స్. హంతకుడు ‘ఇండియన్ లంకా’ తాగేవాడని తేల్చగలిగితే వెతకాల్సిన మనుషులు ఎంతగా తగ్గిపోతారో చూడమంటాడు.

ఆ ‘లంకా’ సింహళం కాదు. మన గోదావరి లంకలు. నది మధ్య ఇసుక మేటల మీద పండే లంక పొగాకుతో చుట్టిన చుట్టలకు మద్రాసు ప్రెసిడెన్సీలో అంత పేరుండేది. 1886లో అచ్చయిన ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువు హాబ్సన్-జాబ్సన్‌లో గోదావరి డెల్టా పేరుతో సహా ఆ మాట ఉంది. మా తాతగారు సాయంత్రం అరుగు మీద కూర్చుని లంక చుట్టే కాల్చేవారు. బూడిద అంగుళం పొడుగైనా రాల్చేవారు కాదు. చిన్నప్పుడు ఎప్పుడు రాలుతుందా అని మేం కాచుకుని కూర్చునేవాళ్లం. డిగ్రీలో చేరాక మొదటిసారి ఆ వాక్యం చదివి, పుస్తకం పట్టుకుని అరుగు మీదకు వెళ్లి ఆయనకు అర్థం చెప్పాను. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, ఆ బూడిదను కాసేపు చూసుకుని, ‘లండన్ దాకా వెళ్లిందిరా మన పొగాకు’ అన్నారు.

ఈ ఆదివారం ఆ ఐదు అధ్యాయాలూ చదివేయండి. అయ్యాక ఎలా ఉందో ఇక్కడే రాయండి, ముఖ్యంగా ఆ అంకెల దగ్గర.